పొద్దుగాల మిస్సింగ్, ఎండెక్కితే మాయం

"బండి మిస్సింగ్ కొడ్తాందన్నా" అనే మాట నా జిందగీల ఎన్నిసార్లు విన్ననో లెక్క లేదు. కాశిబుగ్గల షెడ్డు తెరిచిన కాడికెల్లి, మోకాళ్లు మొరాయించి మొన్న తాళం వేసేదాక నా చెవుల పడ్డ మాటలల్ల అదే ఎక్కువ. నా పేరు సమ్మయ్య. పాత పెట్రోలు కార్ల మెకానిక్‌ను. ఇప్పుడు పని బంద్ చేసిన. ఈ పనిలకు కొత్తగ వచ్చే తమ్ముళ్లు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, చాయ్ తాగుకుంట, మిస్సింగ్ ఎట్ల పట్టాలె, జర చెప్పు అని అడుగుతరు. అడిగినోనికల్ల ఒక ముక్క చెప్పుడు కంటె ఒక్కపారి రాసి పెడితే నయమనిపించింది. దీంట్ల నేను గొప్పగ చేసిన పనులు తక్కువుంటయి. ఒక్క తప్పు మాత్రం పూర్తిగ ఉంటది.

మిస్సింగ్ అంటే ఏంది

మొదలు ఈ మాటతోనే పంచాది. మా దిక్కు బండికి ఏ రోగమొచ్చినా పేరు మిస్సింగే. ఒక లెక్చరర్ సారు బండి తెచ్చి, బ్రేక్ కొట్టినప్పుడల్ల మిస్సింగ్ వస్తాంది సమ్మయ్యా అన్నడు. పక్కన కూసోని పోచమ్మ మైదాన్ దాక పోయి వచ్చిన. నిజంగనే బ్రేక్ కొట్టినప్పుడల్ల 'టక్' మంటాంది. దిగి సీటు కింద చెయ్యి పెడితే సారు టిఫిన్ డబ్బా దొరికింది. మూడు రోజుల సంది పారేసుకున్నడట, ఇంట్ల దాని గురించి లొల్లి కూడ అయ్యిందట. ఇంకొకాయన పికప్ మిస్సింగ్ అన్నడు. హ్యాండ్ బ్రేక్ సగం గుంజి ఉన్నది. నవ్వద్దు, ఆయన ములుగు నుంచి గట్లనే నడుపుకుంట వచ్చిండు.

అసలు మిస్సింగ్ వేరే. కారు ఇంజిన్ల నాలుగు సిలిండర్లు ఉంటయి. ఒక్కొక్క దాంట్లకు పెట్రోలు, గాలి కలిసి వస్తయి, ప్లగ్గు నిప్పురవ్వ ఇస్తది, అది మండి బండిని ముందుకు నూకుతది. నలుగురు కలిసి వడ్ల బస్తా ఎత్తే కాడ ఒకడు నడుమ నడుమ చెయ్యి ఇడిసిపెడితే మిగిలిన ముగ్గురు ఊగుతరు సూడు, బండి గట్ల ఊగుతది. చెయ్యి ఇడిసినోడు ఎవడు, ఎందుకు ఇడిసిండు, ఇది పట్టుకునుడే మన పని. విప్పుడు, బిగించుడు ఎవలైనా చేస్తరు.

ఇప్పుడు కొత్త బండ్లకు స్కానర్ పెడితే, రెండో సిలిండర్ మిస్ అని రాసి చూపెడ్తది. మంచిదే, నేను దాన్ని తక్కువ చెయ్య. గని అది ఎవడన్నది చెప్తది, ఎందుకన్నది చెప్పది. ఎందుకన్నది ఎప్పుడైనా మనమే అడిగి తెలుసుకోవాలె.

ఉస్తాద్ ముక్కు

నాకు పని నేర్పింది యాకూబ్ ఉస్తాద్. స్టేషన్ రోడ్డు మీద రేకుల షెడ్డు, ఎప్పుడు చూసినా లుంగీ, చెవి మీద ఒక స్పానర్. నోరు మంచిది కాదు, చెయ్యి బంగారం. నేను పనిల చేరిన మొదటి ఏడు ఒక బండికి ప్లగ్ వైర్లు పెట్టమంటే ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరసగ పెట్టిన. నాకు బడిల నేర్పిన లెక్క అదే గద. ఇంజిన్‌కు ఆ లెక్క పనికిరాదు. దానికి ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఉస్తాద్ తల లోపల పెట్టి చూస్తాండు, ఇంకొకాయన సెల్ఫ్ కొట్టిండు. పెట్రోలు, గాలి కలిపే కార్బొరేటర్ల నుంచి 'ఢాం' మని మంట వచ్చి ఉస్తాద్‌కు ఒక దిక్కు మీసం పోయింది.

కొడ్తడనుకున్న. కొట్టలే. రెండో దిక్కు మీసం ఆయనే గీసుకొని వచ్చి, నెల దినాలు నేను చాయ్ తెచ్చినప్పుడల్ల ఆ వరస చెప్పిచ్చుకున్నడు. ఒకటి, మూడు, నాలుగు, రెండు. చెప్పకపోతే గ్లాసు పట్టకపోయేది. ఇప్పటికీ ఇంట్ల ప్లేట్లు లెక్కపెడితే నా నోట్ల నుంచి గదే వస్తది, మా ఇంటామె నవ్వుతది.

ఉస్తాద్ దగ్గర రెండు పద్ధతులు ఉండేటివి. ఒకటి, బండి రాంగనే బానెట్ ఎత్తకపోయేది. తెచ్చినోన్ని స్టూలు మీద కూసోబెట్టి అడిగేది. పొద్దుగాలనా, మాపటికా? ఖాళీ బండితోనా, నిండు బండితోనా? ఎండలనా, తడిలనా? అడిగినంక కూడ ఊకె కూసునేది కొంచెంసేపు. మాకు యాష్టకొచ్చేది.

రెండోది ముక్కు. ప్లగ్గు విప్పంగనే ముక్కు కాడ పెట్టుకునేది. ప్లగ్గు తడిగుంటే సరిపోదు, అది ఏం తడి అన్నదే ముఖ్యం. ఆయిల్ తడి అయితే లోపల రింగులు అరిగినయి, ఇంజిన్ విప్పాలె, పెద్ద పని. పెట్రోలు తడి అయితే ఇంజిన్‌కు ఏం రోగం లేదు, నిప్పురవ్వ వస్తలేదు, పెట్రోలు మండకుంట మిగిలిపోతాంది. ఒకటి పెద్దాపరేషన్, ఇంకొకటి చిన్న వైరు ముచ్చట. నడుమ ఉన్నది ఒక్క వాసననే. నేను ఇంత పొడుగు ఎందుకు చెప్తాన్ననంటే, ఈ రెండు పద్ధతులు నాకు మంచిగ ఎరుక. ఎరుక ఉండి కూడ మోసపోయిన.

దసరా తెల్లారి

మా పనిల ఒక పండుగ ఉంటది, అది దసరా తెల్లారి. ఆయుధ పూజకని ఊరు ఊరంత బండ్లు కడుగుతరు. పైపైన కడిగితే మంచిదే. కొందరు భక్తి ఎక్కువై బానెట్ ఎత్తి ఇంజిన్ మీద పైపు పెడ్తరు. ప్లగ్గుల గుంతలల్ల నీళ్లు నిలుస్తయి. తెల్లారి షెడ్డు ముందల మిస్సింగ్ బండ్ల లైను. నిమ్మకాయ మీదికెల్లి బండి తీసి పది గజాలు పోయినోడు కూడ ఆగమాగం ఉరికొస్తడు. ఆ రోజు నేను మెకానిక్‌ను కాదు, బట్టపేలిక పట్టుకొని తుడిచేటోన్ని. గాలి కొట్టి ఆరబెడితే అయిపాయె.

నేను మాత్రం నీళ్లు పోసేటోన్ని కాదు. నాది వేరే పద్ధతి. షెడ్డుల జంపఖానా పరిచి పానాలు, స్క్రూడ్రైవర్లు పేర్చి, కొబ్బరికాయ కొట్టి, ఆ రోజు షెడ్డుల ఎవల బండి ఉంటే వాళ్ల బండికి పసుపు కుంకుమ పెట్టేది. అందరు బానెట్ మీద పెడ్తరు. నేను బానెట్ ఎత్తి ఇంజిన్‌కే పెట్టేది. కష్టం చేసేది అది, బొట్టు రేకుకు పెడ్తె ఎట్ల? నూనెల కలిపిన పసుపు మూడు వేళ్లతోని గీసి, నడుమ కుంకుమ అద్ది, కర్పూరం హారతి తిప్పేది. దీని మీద నాకు కొంచెం గర్వం కూడ ఉండేది.

రత్నం బండి

రత్నం ములుగుల ఉంటడు. వాళ్లది చర్చికి పోయే కుటుంబం. పన్నెండేండ్లు వేరే వాళ్ల జీపులు నడిపి, పైస పైస కూడబెట్టి, ఒక పాత పెట్రోలు కారు కొనుక్కున్నడు. కంపెనీ పేరు నేను చెప్ప, ఎందుకంటె ఆ బండి తప్పు ఏం లేదు. హన్మకొండల ఒక హోటల్ల దిగినోళ్లను పొద్దు పొద్దున ఎక్కించుకొని పాలంపేటకు, రామప్ప గుడికి తీసుకపోయి తీసుకొచ్చేది. జీపు నడిపినన్ని రోజులు ఓనర్లు ఏయ్ డ్రైవర్ అని పిలిచేదట, ఈ బండి కొన్నంక హోటలోళ్లు రత్నం గారు అంటాండ్రని నాకు ఒకసారి సిగ్గుపడుకుంట చెప్పిండు. ప్రతి శనివారం మాపటికి బండిని లోపల బయట అద్దం లెక్క తుడిచి, ఆదివారం దాంట్లనే చర్చికి పోయేది.

పదిపదిహేనేండ్ల కింది ముచ్చట ఇది. ఆ ఏడు దసరాకు రత్నం బండి బ్రేకుల పనికి నా షెడ్డుల ఉన్నది. అందరి బండ్లతోని పాటు దానికీ పూజ చేసిన. తెల్లారి వచ్చి బానెట్ కింద చూసి, మంచిదేనన్నా అని నవ్వి తీసుకపోయిండు.

చలికాలం మొదలయ్యే వరకు మళ్ల వచ్చిండు. మిస్సింగ్ కొడ్తాందన్నడు. ములుగుల స్టార్ట్ చేస్తే మల్లంపల్లి దాటే దాక బండి ఎగురుకుంట, ఆగుకుంట పోతదట. నా దగ్గరికి వచ్చేవరకు పది గంటలయితది, మంచి ఎండ. బానెట్ ఎత్తి విన్న. కుట్టు మిషన్ లెక్క నడుస్తాంది. దవాఖానకు పోంగనే పన్ను నొప్పి తగ్గినట్టు, నా షెడ్డు ముందలికి రాంగనే ఆ బండి రోగం మాయం.

మొదటిసారి ప్లగ్గులు మార్చిన. వారానికి మళ్ల వచ్చిండు. కార్బొరేటర్ కడిగిన, ప్లగ్ వైర్లు మార్చిన, పాయింట్లు గీకిన. మళ్ల గదే. హోటలోళ్లు రెండుసార్లు ఆలస్యమైందని గుర్రుగున్నరు, ఇంకొక్కసారి అయితే వేరే బండి మాట్లాడుకుంటమన్నరట. రత్నం ఎప్పుడు గట్టిగ మాట్లాడడు. ఆ రోజు మాత్రం బండి చుట్టు రెండుసార్లు తిరిగి, ఈ బండి పోతే నేను మళ్ల జీపు ఎక్కుడేనన్నా అన్నడు.

నేను చెప్పిన అబద్ధం

మూడోసారి వచ్చినప్పుడు ఒక పని చేసిండు, మెచ్చుకోవాలె. మల్లంపల్లి కాడ బండి ఆగిపోంగనే రోడ్డు పక్కన నాలుగు ప్లగ్గులు విప్పి చూసుకున్నడు. మూడు మంచిగున్నయి, రెండోది నల్లగ తడిసి ఉన్నది. దాన్ని పేపరు ముక్కల చుట్టి జేబుల పెట్టుకొని, దగ్గరున్న పాత ప్లగ్గు బిగించి, నా దగ్గరికి తెచ్చిండు.

ఇగో అన్నా, రెండోదని నా చేతుల పెట్టిండు. ఇంతకన్న మంచిగ ఎవడు తెచ్చిస్తడు? నాకేమో నాలుగు రోజుల సంది జలుబు. ముక్కు మొత్తం దిబ్బడేసింది. షెడ్డుల ఇంకా మూడు బండ్లు ఉన్నయి. ఒకటే బండి మూడోసారి వచ్చుడు ఏ మెకానిక్‌కైనా మంట. ప్లగ్గు చూసిన, నల్లగుంది. పేపరు ఉండ చుట్టి పారేసిన. ఆయిల్ తాగుతాంది రత్నం, రింగులు పోయినయి, ఇంజిన్ మొత్తం విప్పి బోర్ చెయ్యాలె, ఈ పాత బండికి అంత పని పెట్టుడు దండుగ, ఇడిసిపెట్టు అని చెప్పిన.

రింగులు అరిగినయా లేదా చెప్పే కంప్రెషన్ గేజ్ ఒకటి నాకు ఉండె. కాజీపేట దోస్తుకు ఇచ్చిన, తెచ్చుకోలే. పోనీ ఆ పేపరన్నా చూడలే. ఆయిల్ తడి అయితే పేపరుకు నూనె మరక పట్టాలె. పెట్రోలు అయితే ఆరిపోయి ఒట్టి మసి మిగులుతది. జవాబు నా గుప్పిట్ల ఉండె, ఉండ చుట్టి డబ్బాల ఏసిన. తమ్మీ, ఇది రోగం చెప్పుడు కాదు, మనిషిని వదిలించుకొనుడు. సక్కగ చెప్తాన్న, ఆ రోజు నేను చేసింది గదే.

రత్నం బేరమాడలే, వాదించలే. నువ్వంటే గంతేనన్నా అని పోయిండు.

ముసురు

పది రోజులకు తుపాను పట్టింది. సన్నగ ముసురు, ఆగుతలేదు. పొద్దున షెడ్డు తలుపులు తీసి చాయ్ తాగుతాన్న. మూల మలుపు కాడ ఒక బండి చప్పుడు వినబడ్డది. డుగు డుగు డుగు... ఉప్... డుగు డుగు... ఉప్. మనిషి ఎక్కిళ్లు పెట్టినట్టు. చాయ్ గ్లాసు చేతులనే ఆగిపోయింది. మలుపు తిరిగి వచ్చింది రత్నం బండి.

పాత బండ్లు కొనే సేటుకు అమ్మెటానికి తీసుకపోతాండు. పది గంటలకు రమ్మన్నడట. బండి మీద రత్నం సొంతంగ చేయించుకున్న సామాన్ల కారియర్ ఉన్నది, దాని బోల్టులు తుప్పు పట్టినయి, అవి విప్పియ్యమని వచ్చిండు. రేపటి సంది జీపుకు పోతాన్ననని కూడ చెప్పిండు.

నేను కారియర్ దిక్కు చూస్తలేను. బండి బంద్ చెయ్యకు, గట్లనే ఉంచమన్న. నా షెడ్డుల ఆ బండి మిస్సింగ్ వినబడుడు అదే మొదటిసారి. ముసురుల వచ్చింది. తడిల వచ్చింది. ఉస్తాద్ అడిగే మూడో ప్రశ్న అదే గద, ఎండలనా, తడిలనా? నేను రత్నానికి ఒక్కసారి కూడ ఆ ప్రశ్న వేయలే.

పొడి బట్ట చేతికి చుట్టుకొని ప్లగ్ వైర్లు ఒక్కొక్కటి గుంజిన. ఒకటి గుంజితే చప్పుడు పడిపోయింది, అంటే అది పని చేస్తాంది. మూడు గుంజిన, పడిపోయింది. నాలుగు, పడిపోయింది. రెండు గుంజిన. ఏం ఫరక్ లేదు. చెయ్యి ఇడిసినోడు వీడే. బండి ఆపి ప్లగ్గు విప్పి ముక్కు కాడ పెట్టుకున్న. జలుబు పోయి వారమాయె. పచ్చి పెట్రోలు వాసన గుప్పుమన్నది.

ఉస్తాద్ చనిపోయి అప్పటికే ఏండ్లయింది. గని ఆ వాసన తగలంగనే ఎనుక నుంచి నెత్తి మీద ఒక్కటి పీకినట్టయింది. ఇంజిన్‌కు ఏం కాలే. రింగులకు ఏం కాలే. నిప్పురవ్వ రెండో ప్లగ్గు దాక వస్తలేదు, నడుమ ఎక్కడనో దారి తప్పుతాంది. నా మాట పట్టుకొని ఒక మనిషి మంచి బండిని తూకానికి ఇయ్యబోతాండు. 

"రత్నం, కారియర్ విప్పద్దు. సేటు కాడికి పోవద్దు. నాకు అర్ధగంట ఇయ్యి" అన్న.

జంపఖానా కింద

దారి తప్పిన నిప్పురవ్వను చూడాలంటే చీకటి కావాలె. అప్పుడు పొద్దున తొమ్మిది కూడ కాలే. షెడ్డుకు తలుపులు వేసినా రేకుల సందులల్ల కెల్లి వెలుగు. మూలకు దసరా జంపఖానా కనబడ్డది. కాశిబుగ్గల నేసినది, మందం. ఎత్తిన బానెట్ మీద కప్పి, రెండు అంచులు ఇంజిన్ ఫ్యాన్ దిక్కు పడకుంట తీగతోని కట్టి, బండి స్టార్ట్ చేసి ఇద్దరం లోపల తలలు పెట్టినం. ఈ పని మీరు చేసేటప్పుడు అంగీ చేతుల గుండీలు పెట్టుకోండ్రి, పైలం.

ఏం కనబడలే మొదలు. ఇంజిన్ వేడి, పెట్రోలు వాసన, చెవుల 'డుగు డుగు'. ఇద్దరు ముసలి మేకల లెక్క తల పక్కన తల. మెల్లగ కండ్లు అలవాటైనయి. అప్పుడు కనబడ్డది. డిస్ట్రిబ్యూటర్ మూత ఉంటది గద, కాయిల్ నుంచి వచ్చిన నిప్పురవ్వను నాలుగు ప్లగ్గులకు పంచిపెట్టేది, ఆ మూత మీద సన్నటి నీలం దారం ఒకటి ఉరుకుతాంది. రెండో వైరు కాడ పుట్టి, మూత పక్కకెల్లి దిగి, ఇనుములకు పోతాంది. టిక్, టిక్, టిక్. ప్లగ్గుకు పోవాల్సిన నిప్పు మూత మీదనే ఖర్చయిపోతాంది.

రత్నం మెల్లగ అన్నడు. "అన్నా, అది నువ్వు పెట్టిన బొట్టు కాదే?"

జంపఖానా గుంజి పడేసి వెలుతుర్ల చూసిన. నా మూడు వేళ్లు. నూనె పసుపు, కుంకుమ, దాని మీద కర్పూరం మసి, రెండు నెలల దుమ్ము. ఎండకు పొడిగ ఉన్నంత సేపు ఏం కాలే. పొద్దుగాల మంచుకు ఆ పూత తేమ పట్టంగనే నిప్పుకు దారి దొరికింది. ఉరికి ఉరికి వెంట్రుక మందం నల్లటి గీత కూడ కాలింది.

నేను అది చూడలేదా అంటే, చూసిన. పాయింట్లు ఉండేది ఆ మూత కిందనే, అవి గీకిన రోజు మూత నా చేతులతోనే విప్పిన. బొట్టు కనబడంగనే కండ్లకు అద్దుకొని, మూత లోపలి భాగం తుడిచి, మళ్ల బిగించిన. అది నాకు బొట్టు లెక్కనే కనబడ్డది, మురికి లెక్క కనబడలే.

మరి నువ్వు తుడువలేదా రత్నం, శనివారం శనివారం అంత తుడుస్తవు గద అని అడిగిన. దానికి రత్నం చెప్పిన మాట ఇప్పటికీ నా చెవుల ఉన్నది.

"అన్ని తుడిచినన్నా. అది నువ్వు మంచి మనసుతోని పెట్టింది గద, దాని చుట్టుముట్టు తుడిచిన."

 తప్పు నాదే రత్నం, బోర్ అని చెప్పింది ఒట్టిదే, నీ బండికి ఏ రోగం లేకుండె, ఉన్న రోగం నేనే పెట్టిన అని చెప్పిన. చెప్పుడు కష్టమే అయింది. మేం మెకానిక్‌లం బండిని అంటం, రోడ్డును అంటం, పెట్రోలు కల్తీ అంటం, నాది తప్పు అనే మాట మా నోట్ల తిరగదు. గని చెప్పినంక పాణం తేలికయింది.  రత్నం ఫోన్ తీసి సేటుకు బండి అమ్ముతలేనని చెప్పి, జేబుల పెట్టుకున్నడు.

కొత్త మూత తెచ్చి పెట్టిన. చేతులతోని ఇంజిన్ మీద నీళ్లు చిలకరించి చూసిన. కుట్టు మిషన్. అదే ముసురుల హోటల్ దిక్కు పోయిండు. మలుపు తిరిగి చప్పుడు ఆగేదాక చెవి పెట్టి విన్న, ఒక్క ఎక్కిలి కూడ రాలే.

మళ్ల దసరా

తెల్లారే కాజీపేట పోయి గేజ్ తెచ్చుకున్న. అప్పటి సంది జలుబు ఉన్ననాడు ప్లగ్గు చూసి మాట చెప్పుడు బంద్ చేసిన. నవ్వినా సరే, ముక్కు పని చేస్తలేదు, రేపు రా అని చెప్పి పంపేది. వచ్చినోన్ని స్టూలు మీద కూసోబెట్టి మూడు ప్రశ్నలు అడిగినంకనే బానెట్ ఎత్తేది.

ఏడాది తిరిగి మళ్ల దసరా వచ్చింది. జంపఖానా పరిచి పూజ చేసుకున్న. పసుపు కుంకుమ పళ్లెం పట్టుకొని బండ్ల కాడికి పోయేవరకు నాకు ధైర్యం సాలలే. బానెట్ల మీద, రేకుకే పెట్టుకుంట వస్తాన్న, అందరి లెక్క. అప్పుడు రత్నం బండి వచ్చి ఆగింది. బ్రేకులు మంచిగున్నయి, ఏ పని లేదు, ఊకెనే వచ్చిండు. ఆ బండి దగ్గరికి పోవుడు నాకు మనసొప్పలే. పళ్లెం పట్టుకొని దూరంగనే నిలబడ్డ.

రత్నం దిగి, తానే బానెట్ ఎత్తి కడ్డి నిలబెట్టి, పక్కకు జరిగిండు.

"పెట్టన్నా. గని ఈసారి ఎయిర్ ఫిల్టర్ డబ్బా మీద పెట్టు. అది ఎంత పెట్టినా ఓర్సుకుంటది."

 మూడు వేళ్లతోని గీసి, నడుమ కుంకుమ అద్దిన.